మొదటి బోటు వచ్చేదాకా

12 నవంబరు 1983, శనివారం

డైరీ వ్రాసే అలవాటు ఎన్నడో మానివేశాను. బడిలో పిల్లలచేత వ్రాయించి వారి తప్పులు దిద్దుతూ ఉండటంతో నాకు వేరే డైరీ అవసరం లేకపోయింది. ఇక్కడ దిద్దడానికి ఎవరూ లేరు. కనుక నేనే వ్రాసి నేనే దిద్దుకొంటాను.

ఈ సాయంకాలం శశికళ ఆసుపత్రి నుంచి ఒక కుక్కను తెచ్చింది.

ఈ దీవికంతటికీ ఏకైక డాక్టరు మా అమ్మాయి. మూడేళ్ళు ఇక్కడ పనిచేస్తానని ప్రభుత్వానికి మాట ఇచ్చి వచ్చింది. అందులో ఒక ఏడు గడిచింది. అల్లుడు జగదీష్ నీటికి అవతల ట్రాయ్ పట్టణంలో కార్ల కంపెనీ ఇంజనీరు. నెలకొకసారి కారుతో సహా బోటెక్కి వచ్చి పోతూ ఉంటాడు. నా భార్య బాలమణి పోయిన తరువాత నన్ను బాపట్లలో ఒక్కణ్ణే ఉండనివ్వక శశికళ ఇక్కడికి తీసుకొని వచ్చింది. నా ఒంటరితనం పోతుందని ఆమె ఉద్దేశం. ఉద్దేశం మంచిదే.

ఇది సముద్రంలో దీవి కాదు, సరస్సులోది. కాని అవతలి ఒడ్డు కనిపించని నీటిని సరస్సు అనడానికి నాకు నోరు రావడం లేదు. మా ఇల్లు పడమటి కొసన ఉంది. చుట్టూ గొర్రెల బీళ్ళు. ఉన్న నాలుగు చెట్లూ తూర్పుకే వంగి ఉన్నాయి. బాపట్లలో గాలివాన వస్తుంది, పోతుంది. ఇక్కడి గాలి పోదు.

కుక్క సంగతి. ఆసుపత్రిలో మరణించిన ముసలి జాలరిదట. బంధువులు వచ్చి పడవను, వలలను, చివరకు మంచాన్ని కూడా పట్టుకొనిపోయి, దీనిని మాత్రం ఆసుపత్రి మెట్లమీద వదిలి వెళ్ళారు. నల్లని పెద్ద కుక్క, రొమ్ముపై తెల్లని మచ్చ. పేరు డ్యూక్. తెలుగు అజంత భాష కనుక నేను డ్యూకు అని వ్రాస్తాను.

“కొన్నాళ్ళే నాన్నగారూ. ఎవరైనా తీసుకునేదాకా,” అన్నది శశికళ.

“ఉండనీ. కాని ఒక్క మాట. మాంసం ఈ గడప దాటి లోపలికి రాకూడదు. డబ్బాలో కూడా.”

“మరి దానికేం పెడతాం?”

“మనం తిన్నదే. మా వీధి కుక్కలన్నీ మజ్జిగన్నం మీదే పెరిగాయి. ఒక్కటీ చిక్కిపోలేదు.”

రోజంతా పనిచేసి వచ్చిన మనిషి, అలసిపోయి ఉన్నది.

16 నవంబరు, బుధవారం

అన్నం ముట్టలేదు.

19 నవంబరు, శనివారం

ఈ ఉదయం తిన్నది! వేడి అన్నంలో జగదీష్ తెచ్చిన కందిపప్పు, రెండు చెంచాల నెయ్యి, చిటికెడు ఉప్పు వేసి కలిపి, గిన్నె ముందు పెట్టి, నేను వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాను. చూస్తూ ఉంటే తినడానికి ఏ ప్రాణికైనా అభిమానం అడ్డు వస్తుంది. కాసేపటికి నాలుక చప్పుడు వినిపించింది.

శిష్యుడు దారికి వచ్చాడని వ్రాయబోయి ఆగాను. కుక్క అమహద్వాచకం. ‘వచ్చింది’ అనాలి. దారికి వచ్చింది.

4 డిసెంబరు, ఆదివారం

పక్క బీళ్ళ యజమానురాలు మార్తా ఎక్‌లండ్ వచ్చింది. అరవై దాటిన మనిషి. భర్త పోయాక అన్ని గొర్రెలనూ ఒక్కతే చూసుకొంటున్నది. ఆ ఇంటిపేరు పలకడం నాకూ, వ్రాయడం తెలుగు లిపికీ కష్టం కనుక ఇకమీదట మార్తమ్మ అనే వ్రాస్తాను. ఆమె నన్ను ‘టీచర్’ అంటుంది. మాట్లాడేది ఇంగ్లీషే, నా డైరీలో మాత్రం తెలుగు మాట్లాడుతుంది.

డ్యూకు గిన్నెలోకి తొంగిచూసి, “ఏమిటి టీచర్, పచ్చగా ఉంది?” అన్నది.

“పప్పన్నం.”

“రాత్రికి?”

“పెరుగన్నం.”

“ఏ పాపం చేశావురా డ్యూక్?” అని పగలబడి నవ్వింది. “వీడి ముసలాయన తాను పస్తుండి అయినా వీడికి చేపతల పెట్టేవాడు. ఇప్పుడు తీసుకొచ్చి సన్యాసుల్లో కలిపారన్న మాట.”

“సన్యాసం కాదు, సాత్వికాహారం. కోపం తగ్గుతుంది.”

“అయితే ఒక గిన్నెడు నాకూ కట్టివ్వు. మా చర్చి కమిటీవాళ్ళకు పెట్టాలి.”

శశికళ పెట్టిన కాఫీ రెండుసార్లు పోయించుకొని తాగి వెళ్ళింది. వెళ్ళేటప్పుడు డ్యూకు చెవుల వెనుక గోకింది. వాడు కళ్ళు మూసుకొన్నాడు.

14 డిసెంబరు, బుధవారం

ఈ ఏటికి చివరి బోటు వెళ్ళిపోయింది. రేపటి నుంచి నీరు గడ్డకట్టడం మొదలవుతుందట. మళ్ళీ బోటు ఏప్రిల్‌లోనే. తపాలా తెచ్చే చిన్న విమానం ఒకటి ఉంది గాని, జగదీష్ ఒకసారి దానిలో ఎక్కి, దిగినవెంటనే మరి ఎక్కనని ఒట్టు పెట్టుకొన్నాడు.

బోటెక్కుతూ, “మామయ్యగారూ, నాలుగు నెలలు మీరూ మీ స్టూడెంటూ. మా ఆవిడ ఎలాగూ దొరకదు మీకు,” అన్నాడు.

నిజమే. ఇప్పుడు కూడా దొరకలేదు. ఎవరికో కాలు విరిగిందని రేవు నుంచే వెళ్ళిపోయింది.

8 జనవరి 1984, ఆదివారం

మంచు కిటికీ సగం వరకు పేరుకొన్నది. డ్యూకూ నేనూ మధ్యాహ్నం ఒడ్డు దాకా వెళ్ళి వచ్చాము. గాలికి నేను ముందుకు నడవలేక వెనక్కు తిరిగి నడుస్తుంటే వాడు నిలబడి చూశాడు. నవ్వాడని వ్రాస్తే అతిశయోక్తి.

బాలమణి పోయిన తరువాత నేను పూర్తి వాక్యాలు మాట్లాడుతున్నది వాడితోనే. శశికళతో మాట్లాడేవి వాక్యాలు కావు: తిన్నావా, వచ్చావా, తలుపు వేశావా. వాడితో కర్త, కర్మ, క్రియ అన్నీ ఉంటాయి. నేను పదవీ విరమణ చేసిన రోజున హెడ్మాస్టరు కుర్చీని ఎవరికి అప్పగించానో, సన్మానపత్రంలో ఎన్ని తప్పులు దొర్లాయో వాడికి వివరంగా చెప్పాను. బాలమణికి కుక్కలంటే భయమని కూడా చెప్పాను. విని, నా పాదాలమీద గడ్డం ఆనించి పడుకొన్నాడు. పాదాలు వెచ్చగా ఉన్నాయి.

22 జనవరి, ఆదివారం

శశికళతో మాట పట్టింపు వచ్చింది. మార్తమ్మకు న్యుమోనియా. అమ్మాయి పగలంతా ఆమె మంచం దగ్గరే ఉండి వస్తున్నది. ఈ రోజు వచ్చి బూట్లు విప్పకుండానే వాడి దగ్గర కూర్చొన్నది.

“నాన్నగారూ, ఇలా రండి. ఇక్కడ చెయ్యి పెట్టండి.” నా చెయ్యి తీసి వాడి పక్కమీద పెట్టింది. “వింటర్‌లో కుక్కలు వెయిట్ పెరగాలి. ఇది తగ్గుతోంది. దీనికి మీట్ కావాలి.”

“పప్పులో బలం లేదా?”

“ఇది మనిషి కాదు కదండీ!”

“మా వీధిలో కుక్కలన్నీ...”

“మీ వీధి కుక్కలు మన అరుగు మీద మజ్జిగన్నం తిని, తరవాత ఎటు వెళ్ళేవో మీరెప్పుడైనా వెనకాల వెళ్ళి చూశారా?”

ప్రశ్నను వ్యంగ్యంగా అడిగినప్పుడు సమాధానం చెప్పనక్కరలేదు. చెప్పలేదు.

“పోనీ, నేను క్లినిక్‌కి తీసుకెళ్ళి అక్కడ పెడతాను. మీ గడప దాటదు.”

“నా చేతి అన్నం తినే జంతువు మరొక చోట మాంసం తిని వచ్చి నా మంచం పక్కన పడుకోవడమా? అయితే నన్ను కూడా క్లినిక్‌లోనే చేర్చుకో.”

శశికళ బూట్ల దారాలు ముడి విప్పుతూ చాలాసేపు వంగే ఉన్నది. “సరే నాన్నగారూ. మీ ఇష్టం.”

రేపటి నుంచి నెయ్యి మరొక చెంచా పెంచుతాను.

9 ఫిబ్రవరి, గురువారం

గాలి.

26 ఫిబ్రవరి, ఆదివారం

ఒడ్డున మంచుగడ్డల మధ్య చచ్చిన నీటిపక్షి ఒకటి పడి ఉంటే వాడు నోట కరచుకొన్నాడు. “వదులు” అన్నాను, గొంతు పెంచకుండా. నా ముఖం చూశాడు. వదిలాడు.

ఈ సంగతి శశికళకు చెప్పాను. “మంచిదండీ,” అన్నది. ఆమెకు దీని ప్రాముఖ్యం అర్థమైనట్లు లేదు. ముప్పై ఐదేళ్ళ ఉద్యోగంలో ఇంత త్వరగా స్వభావం మార్చుకొన్న శిష్యుణ్ణి నేను చూడలేదు.

20 మార్చి, మంగళవారం

ఉదయం తలుపు తీయగానే వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చాడు. అన్నం సగమే తిన్నాడు. వయస్సు మళ్ళుతున్నది కనుక మితంగా తినడం సహజమే. నేనూ అంతే.

4 ఏప్రిల్, బుధవారం

మంచు కరుగుతున్నది. మార్తమ్మ గొర్రెలు ఈనుతున్నాయి. రోజంతా పిల్లల అరుపులు గాలిలో కలిసి వస్తున్నాయి. మార్తమ్మ పూర్తిగా కోలుకొన్నది. ట్రక్కులో వెళుతూ హారను మోగించింది.

వాడి రొమ్ముమీది తెల్ల మచ్చపై తుప్పు మరక. నీళ్ళ పంపు కింద పడుకొన్నట్లున్నాడు. వేడినీళ్ళతో తుడిచాను.

7 ఏప్రిల్, శనివారం

మళ్ళీ తుప్పు. ఆ పంపును బాగు చేయించాలి. శశికళ చూడకముందే తుడిచాను. పనిమీద వెళ్ళే మనిషిని చిన్న విషయాలతో విసిగించకూడదు.

9 ఏప్రిల్, సోమవారం

ఉదయమే మార్తమ్మ వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. “నాతో రా టీచర్. ఒకటి చూద్దువుగాని,” అన్నది. చేతిలో ఏమీ లేదు. మొదటిసారి తుపాకి లేకుండా రావడం ఈ దీవిలో మర్యాద అని తరువాత తెలిసింది.

రాతిగోడ పక్కన రెండు గొర్రెపిల్లలు. ఒకదానిని గురించి వ్రాయను. రెండవది పుట్టి ఎంతోసేపు కాలేదు; ఇంకా తడిగానే ఉన్నది. తల్లి దానిని మూతితో పొడుస్తున్నది, లెమ్మని. లేవకపోతే నాకుతున్నది. మళ్ళీ పొడుస్తున్నది.

“నక్క అయి ఉంటుంది,” అన్నాను.

“ఈ దీవిలో నక్కలు లేవు.”

“వేరే కుక్కలు?”

“నేను చూశాను టీచర్. రొమ్ము మీద తెల్ల మచ్చ. ఇప్పుడు తెల్లగా లేదనుకో.” గాలికి కండువా ఎగిరిపోకుండా పట్టుకొని, నా వైపు చూడకుండా చెప్పింది. “రుచి మరిగినదాన్ని ఇక్కడ ఉంచరు. దీవి దాటించాలి. లేదా పెంచినవాళ్ళు తాడు పట్టుకుంటారు, గొర్రెల వాళ్ళు కాలుస్తారు. మా ఆయన కుక్కకూ అంతే చేశాం. తాడు నేను పట్టుకున్నాను, కాల్చింది మా మరిది.”

“వాడు పప్పన్నం తింటాడు,” అన్నాను. ఆ మాట ఎందుకు అన్నానో తెలియదు.

మార్తమ్మ నవ్వలేదు. “అవును. చూశాను కదా,” అన్నది.

ఎవరో చెప్పినట్లున్నారు, శశికళ క్లినిక్ కోటుతోనే పరుగెత్తుకొని వచ్చింది. గొర్రెపిల్లలను చూసింది, నన్ను చూసింది. తరువాత మార్తమ్మ చేతులు పట్టుకొని ఇంగ్లీషులో బతిమాలింది. మా అమ్మాయి ఎవరినైనా బతిమాలగా నేను ఇంతకుముందు వినలేదు. బోటు రాగానే ట్రాయ్ పంపిస్తాము, జగదీష్ ఇంటి వెనుక కంచె ఉన్నది, అక్కడ గొర్రెలు లేవు, అంతవరకు గడువు ఇమ్మన్నది. తపాలా విమానంలో కుక్కలను ఎక్కించరు.

మార్తమ్మ చాలాసేపు ఆ తల్లి గొర్రెనే చూస్తూ నిలబడింది. “జనవరిలో నువ్వు రాకపోతే నేనీపాటికి చర్చి వెనకాల మట్టిలో ఉండేదాన్ని డాక్టర్. అందుకని ఆగుతాను. మొదటి బోటు వచ్చేదాకా. కట్టి ఉంచండి. ఇంకొక్కసారి విడిగా కనిపిస్తే మాటల్లేవు.”

ఇంటికి వస్తూ శశికళ నాకంటే ముందు నడిచింది. నేను చెప్పలేదా అని అనలేదు. అని ఉంటే బాగుండేది.

కుక్కను వరండాలో కట్టివేశాము. అది నన్ను చూసి తోక ఆడించింది. నేను లోపలికి వచ్చాను.

10 ఏప్రిల్, మంగళవారం

జగదీష్‌కు ఫోను చేశాము. సంగతి శశికళ చెప్పింది. తరువాత నాకిచ్చింది.

“మామయ్యగారూ, పంపించేయండి వాణ్ణి. నాకూ ఇంట్లో ఎవరో ఒకరుండాలి కదా. లేకపోతే నేను ఏ రోజు సాక్సులు ఆ రోజు ఉతుక్కుంటున్నానో లేదో ఎవరడుగుతారు? నేనే బోటు మీద వచ్చి పట్టుకెళ్తా.”

“వాడికి మాంసం...”

“అదంతా నేను చూసుకుంటా. మీరు వర్రీ అవకండి. వీకెండ్ కల్లా బోటు వస్తుందంటున్నారుగా!”

మంచి పిల్లవాడు. పెళ్ళిచూపులనాడు అతని తెలుగు విని నేను సందేహించిన మాట నిజం.

14 ఏప్రిల్, శనివారం

బోటు రాలేదు. ఉత్తరపు గాలికి గడ్డలన్నీ వచ్చి రేవు నోటిలో ఇరుక్కొన్నాయట.

శశికళ డబ్బా తెచ్చి వరండాలో తెరిచింది. వరండా గడపకు ఇవతలిదా, అవతలిదా అన్న చర్చ మేమిద్దరమూ చేయలేదు. నేను వంటగదిలో కూర్చొన్నాను. చప్పుడు వినిపించింది. నెయ్యి అన్నం తిన్న మొదటి రోజు చప్పుడు వంటిది కాదు.

15 ఏప్రిల్, ఆదివారం

అన్నం ముట్టలేదు. నా వైపు చూడలేదు.

16 ఏప్రిల్, సోమవారం

అన్నం ముట్టలేదు. కలిపి ఎందుకు పెడుతున్నారని శశికళ అడిగింది. అలవాటు అన్నాను.

18 ఏప్రిల్, బుధవారం

బోటు లేదు. రేవుకు వెళ్ళి చూసి వచ్చాను. గడ్డల మధ్య నల్లని నీరు గీతలు గీతలుగా కనిపిస్తున్నది. శనివారానికి రావచ్చునని ఆఫీసులోని మనిషి అన్నాడు. పోయిన వారం కూడా అతడే శనివారం అన్నాడు.

వాడు తాడు లాగి లాగి మెడ పచ్చిపుండు చేసుకొన్నాడు. శశికళ మందు పూసింది. గాలి ఎటు వీస్తే అటు ముక్కు ఎత్తి సన్నగా ఏడుస్తున్నాడు. ఇంతకాలం నా పక్కన విడిగా నడిచినవాడు. ఒకటి ఆలోచించాను. వాడు చేసిన పనికి కారణం ఆకలి. ఇప్పుడు రెండు పూటలా కడుపు నిండుతున్నది. కారణం లేనిచోట కార్యం ఉండదు. ఇది తర్కం, నేను పిల్లలకు చెప్పినదే. కడుపు నిండినవాడు నా పక్కన ఒడ్డు దాకా నడిచి వస్తే దోషమేమిటి? నీటిపక్షిని కూడా నేను వదలమంటే వదిలినవాడు.

ఊరికే వ్రాశాను. ఆలోచన మాత్రమే.

19 ఏప్రిల్, గురువారం

తాడు తెగింది.

ఉదయం శశికళ వెళ్ళిన తరువాత తాడు తెగి వాడు వెళ్ళిపోయాడు. పిలిచాను. గాలి ఎదురుగా ఉన్నది, వినపడి ఉండదు. వినపడి ఉంటే ఆగేవాడు. ఒడ్డు వెంబడి వెతికాను, బీళ్ళ వైపు వెళ్ళి ఉండడని. తిరిగి వచ్చేసరికి వాడు వరండా మెట్లమీద పడుకొని ఉన్నాడు. తుప్పు కాదు.

ఆ వెనుకనే మార్తమ్మ ట్రక్కు వచ్చింది. ఈసారి సీటు పక్కన తుపాకి కనిపించింది గాని ఆమె దానిని తీయలేదు. మెట్లెక్కి వచ్చింది.

“తాడు తెగింది,” అన్నాను.

స్తంభానికి వేలాడుతున్న తాడును చేతిలోకి తీసుకొని, ఆ కొస నుంచి ఈ కొస దాకా వేళ్ళతో తడిమింది. మళ్ళీ కొక్కేనికి తగిలించింది.

“మూడు గొర్రెలు,” అన్నది. “ఒకటి ఇంకా ఊపిరితో ఉంది. నేనే ముగించాను.”

“శనివారం బోటు వస్తుందంటున్నారు. రెండు రోజులు...”

“టీచర్.” అంతే అన్నది. తరువాత మెత్తగా, “రేపు గుడ్ ఫ్రైడే. రేపు నేను తుపాకి ముట్టను. శనివారం పొద్దున తీసుకురా. నువ్వే తీసుకురావాలి,” అన్నది.

20 ఏప్రిల్, శుక్రవారం

రేవు దగ్గర నిలబడ్డాను, మధ్యాహ్నం దాకా. ఆఫీసు మూసి ఉన్నది. గడ్డలు ఒకదానిమీద ఒకటి ఎక్కి రాతిగోడలాగా ఉన్నాయి. వాటి వెనుక ఏదో పొగ కనిపించినట్లయింది. మబ్బు.

శశికళ, “నేను ఇంజెక్షన్ ఇస్తాను నాన్నగారూ. నిద్రపోయినట్టు వెళ్ళిపోతుంది. మార్తాకి నేను చెప్తాను,” అన్నది.

“నీ చేతులతో వద్దు.”

“ఏం? నేను చూడని చావా?”

“ఆ చేతులతో పురుళ్ళు పోస్తావు. వద్దు.”

ఆమె ఏడ్చింది. పెళ్ళైన కూతురు ఏడుస్తుంటే ఏమి చేయాలో నాకు తెలియదు. ఆ పనులు బాలమణి చూసుకొనేది.

రాత్రి డబ్బా నేను తెరిచాను. మూత అంచు వేలికి గీసుకొన్నది. ఆ వాసనలోనే వాడి పక్కన కూర్చొన్నాను. వాడు నా చేతిలో నుంచి తిన్నాడు. పూర్తిగా తిని, నా వేళ్ళను కూడా శుభ్రంగా నాకి, ఇంకా ఉందా అన్నట్లు నా ముఖంలోకి చూశాడు. ఇంకొక డబ్బా తెరిచాను.

21 ఏప్రిల్, శనివారం

గోడ అవతల పల్లం ఉన్నది. అక్కడ గాలి తక్కువ. అందుకే మార్తమ్మ అక్కడికి రమ్మన్నది.

వాడు మార్తమ్మను చూసి తోక ఆడించాడు. ఆమె ఒక క్షణం ముఖం అటు తిప్పుకొన్నది.

“దగ్గరగా పట్టుకో టీచర్. కదిలితే గురి తప్పుతుంది. తప్పితే కష్టం వాడికే.”

పట్టుకొన్నాను.

“మాట్లాడు. నీ గొంతు వింటూ ఉంటే కదలడు.”

మాట్లాడాను. అవి వాక్యాలు కావు.

కదలలేదు.

22 ఏప్రిల్, ఆదివారం

జగదీష్ ఫోను. శశికళ మాట్లాడి నాకిచ్చింది. ఆ సంగతి నేనే చెబుతానని ఆమెతో అన్నాను.

“ఎలా ఉన్నాడు మామయ్యగారూ మనవాడు? మెడ తగ్గిందా?”

“తగ్గింది.”

“తింటున్నాడా?”

“తింటున్నాడు. బాగున్నాడు.”

శశికళ గిన్నెలు కడుగుతున్నది. కొళాయి కట్టివేసింది. కొంతసేపటికి మళ్ళీ విప్పింది.

24 ఏప్రిల్, మంగళవారం

తాడు తెగలేదు.

26 ఏప్రిల్, గురువారం

దారిలో మార్తమ్మ ట్రక్కు ఎదురైంది. ఆపింది. అద్దం దించింది. వెనుక గడ్డిలో రెండు గొర్రెపిల్లలు అరుస్తున్నాయి. తల్లులు లేనివట, సీసాతో పాలు పట్టాలట. ఆమె చెప్పి, నేను ఏదైనా అంటానేమోనని కొంచెం ఆగింది. సహాయానికి వస్తాననాలి కాబోలు. నేను అనలేకపోయాను. నా చేతులను వాటి దగ్గరకు ఎట్లా తీసుకొనిపోను? అద్దం ఎత్తుకొని వెళ్ళిపోయింది.

28 ఏప్రిల్, శనివారం

బోటు వచ్చింది.

రేవు దగ్గర దీవిలోని జనమంతా ఉన్నారు. నాలుగు నెలల తరువాత వచ్చిన బోటు కనుక చప్పట్లు కొట్టారు. కార్లలో మూడవది జగదీష్‌ది. అద్దంలో నుంచి తల బయటపెట్టి చెయ్యి ఊపుతూ దిగాడు. డిక్కీలో కుక్కల తిండి బస్తా, పక్కన కొత్త గిన్నె.

“ఏడండీ మనవాడు? ఇంట్లో ఉంచి వచ్చారా? బ్యాక్ సీట్ అంతా వాడికే రిజర్వ్ చేశాను!”

సమాధానం శశికళ చెప్పింది, ఇంగ్లీషులో, చిన్న గొంతుతో. నాకు వినపడలేదు.

జగదీష్ కారు తలుపుమీద చెయ్యి వేసి నిలబడ్డాడు. “మరి సండే బాగున్నాడన్నారు? మెడ కూడా తగ్గిందన్నారు?”

నేను బోటు వైపు చూశాను.

“జగదీష్, వదిలెయ్,” అన్నది శశికళ.

29 ఏప్రిల్, ఆదివారం

రాత్రి వాళ్ళిద్దరూ వంటగదిలో మాట్లాడుకొన్నారు. ఉదయం శశికళ నా కాఫీ తెచ్చి పక్కన కూర్చొన్నది.

“కొన్నాళ్ళు ట్రాయ్‌లో ఉండండి నాన్నగారూ.”

“పంపించివేస్తున్నావా?”

“అది కాదండీ. నేను పొద్దున వెళ్ళిపోతే ఇంట్లో మీరొక్కరే అయిపోతారు. అక్కడైతే మనవాళ్ళున్నారు. వీకెండ్ వస్తే నలుగురూ కలుస్తారు. మీకు ఒంటరిగా ఉండదు.”

బాపట్ల నుంచి తెచ్చేటప్పుడు కూడా ఇదే కారణం చెప్పింది. సరే అన్నాను. పెట్టె సర్దడానికి ఎక్కువసేపు పట్టలేదు. వరండాలోని గిన్నెను శశికళ ఎప్పుడు తీసివేసిందో, అక్కడ లేదు.

బోటులో వ్రాస్తున్నాను. అక్షరాలు కుదురుగా రావడం లేదు. జగదీష్ కారులో ముందు సీటులో కూర్చోమన్నాడు, వెనుకనే కూర్చొంటానన్నాను. సీటుమీద పరచిన దుప్పటిని గబగబా చుట్టి డిక్కీలో వేయబోయాడు.

“ఉండనీ,” అన్నాను.

పాత నీలం దుప్పటి. అంచులు చిరిగి ఉన్నాయి. దానిమీద కూర్చొన్నాను. మడతలు ఇంకా పోలేదు. కుక్క కోసం ఉతికి, ఇస్త్రీ కూడా చేసి తెచ్చాడు.